నొప్పి లేదని సంతోషించకండి

మీ ఇంట్లో షుగరు ఉన్నవాళ్ళున్నారా? అయితే కూర పొయ్యి మీంచి దించేసి వచ్చి ఇది చదవండి.

మా అత్తగారికి పద్దెనిమిదేళ్ళుగా షుగరు. స్వీట్ల జోలికి పోరు (నా కళ్ళముందు పోరు, అంతవరకే చెప్పగలను!). 2023 వేసవిలో ఒకరోజు తడిగుడ్డ పెడుతుంటే గచ్చు మీద వరసగా ఎర్రటి మరకలు. పారాణి కాబోలనుకున్నాను. తుడుచుకుంటూ పోతే అవి అత్తగారి పీట దగ్గర ఆగాయి. అరికాల్లో పిన్నీసు దిగబడి ఉంది! ఆవిడేమో తాపీగా ఆవకాయ ముక్కలు తుడుస్తున్నారు.

"నొప్పి తెలియలేదా అత్తయ్యా?" అంటే, "లేదే! ఈమధ్య కాళ్ళు హాయిగా ఉన్నాయమ్మాయ్, ఆ మంటలు కూడా పోయాయి" అన్నారు.

ఆ పిన్నీసు నా చీరదే. ఇప్పటికీ తలుచుకుంటే గుండె గుభేలుమంటుంది.

డాక్టరుగారు ఆవిణ్ణి కళ్ళు మూసుకోమని, 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాను పోగుతో అరికాలు అక్కడక్కడా తాకారు. చాలాచోట్ల ఆవిడకి తెలియనేలేదు. షుగరు ఏళ్ళ తరబడి అదుపులో లేకపోతే నరాలు మొద్దుబారతాయట. మంటలు పోవడం నయం కావడం కాదు, స్పర్శే పోవడం! నొప్పి తెలియని కాలికి ముల్లు గుచ్చుకున్నా, చెప్పు కరిచినా, ఎండలో గుడి ప్రదక్షిణలకి బొబ్బలెక్కినా ఎవరు చెబుతారు?

పాదం మీద నాడి కూడా చూశారు. రక్తం సరిగా పారకపోతే చిన్న గాయమూ పుండై కూర్చుంటుందట. పొగతాగేవాళ్ళకి ఆ ముప్పు ఇంకా ఎక్కువనగానే మా మామగారు మెల్లిగా జేబు తడుముకున్నారు.

ఒకసారి పుండు పడి మానినవాళ్ళూ, చూపు మందగించినవాళ్ళూ, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళూ మరీ జాగ్రత్తగా ఉండాలి. ఆనెకాయల్ని బ్లేడుతో చెక్కుకుంటారు చూశారూ, అది అసలు వద్దు. దాని కిందే పుండు దాగి ఉండొచ్చు. వేణ్ణీళ్ళ వేడి వాళ్ళ కాలికి తెలియదు కనుక మనమే మోచేత్తో చూడాలి. వేళ్ళ సందులు పొడిగా తుడవాలి.

అత్తగారి గాయం మానడానికి నెలన్నర పట్టింది. ఇప్పుడు రోజూ రాత్రి టార్చిలైటు వేసి ఆవిడ పాదాలు చూస్తాను. పక్కింటి పిన్నిగారు "ఎంత భక్తే నీకు!" అంటారు.

అలా చూస్తుంటేనే మెట్టెల కింద చర్మం ఒరుసుకుపోయి కనిపించింది. "మెట్టెలు తీయడమా!" అని ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. చివరికి కంసాలి చేత వదులుగా చేయించాం. అవి స్నానాల గదిలో జారిపోతుంటాయి. వారానికోసారి అత్తాకోడళ్ళం బకెట్టు జరిపి వెతుక్కుంటుంటాం.