ఎర్రమంజిల్‌లో రోమ్ ఛాయలు

బోరబండ నుంచి అమీర్‌పేట, పంజాగుట్ట మీదుగా రోజూ వెళ్లేవాళ్లకి ఎర్రమంజిల్ అంటే ఓ బస్‌స్టాపు. మెట్రో వచ్చాక ఓ స్టేషను. ఆ పేరుకు మూలమైన అసలు మంజిల్ పక్కనే గుట్టమీద ఉందని ఎంతమందికి తెలుసు?

నిజాం ప్రభుత్వంలో మంత్రిగా పనిచేసిన నవాబు ఫక్రుల్ ముల్క్ కట్టించుకున్న భవనమది. వయసు వందేళ్లు దాటింది. పేరు వెనకా ఓ ముచ్చట ఉంది. ఆ గుట్టను స్థానికులు ఎర్రగడ్డ అనేవారట. పర్షియన్‌లో ‘ఇరమ్’ అంటే స్వర్గం. రెండు భాషలకూ కుదిరేలా నవాబు తన భవనానికి ‘ఇరమ్ మంజిల్’ అని పేరు పెట్టి, ఎర్రరంగు వేయించాడంటారు. మన నోట అది ఎర్రమంజిల్ అయింది. బోరబండకు దగ్గర్లోని ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి కూడా ఒకప్పుడు ఈ నవాబు భవనమే. దాని పేరు ‘ఇరమ్‌నుమా’.

మరి రోమ్‌కీ ఎర్రమంజిల్‌కీ సంబంధమేమిటంటారా? భవన నిర్మాణ శైలి! 17వ శతాబ్దంలో రోమ్ నగరానికి కొత్త అందాలు తెచ్చింది బరోక్ శైలి. ఒంపులు తిరిగిన గోడలు, ఎత్తయిన స్తంభాలు, ఒళ్లంతా నగిషీలు... చూసినవాళ్లు నోరెళ్లబెట్టాలన్నదే దాని లక్ష్యం. పర్యాటకులు నాణేలు విసిరే ట్రెవి ఫౌంటెన్ ఆ శైలిదే. ఐరోపా అంతటా పాకిన ఆ మోజు సముద్రాలు దాటి మన నవాబులకూ అంటింది. రోమ్‌లో రాతిలో చెక్కిన అలంకారాలు ఇక్కడ గచ్చుపనిలో విరిశాయి. దాదాపు 150 గదులుండేవని చెబుతారు.

నవాబుల కాలం పోయాక భవనం ప్రభుత్వం చేతికొచ్చింది. కొన్నాళ్లు కార్యాలయాలు నడిచాయి. తర్వాత ఆలనాపాలనా కరవైంది. 2019 జూన్ 27న ఇక్కడ కొత్త అసెంబ్లీకి భూమిపూజ జరిగింది. దానికోసం పాత భవనాన్ని కూల్చేస్తారని తెలిసి నవాబు వారసులు, చరిత్ర ప్రేమికులు హైకోర్టు తలుపు తట్టారు. సెప్టెంబరు 16న న్యాయస్థానం మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టేసింది. మంజిల్ బతికిపోయింది.

కానీ కూల్చకపోవడం వేరు, కాపాడుకోవడం వేరు. వానకు నానే గచ్చుకు కోర్టు తీర్పు గొడుగు పట్టలేదు కదా! రోమ్ వందల ఏళ్ల కట్టడాలను అపురూపంగా చూసుకుంటోంది కాబట్టే ప్రపంచమంతా అక్కడికి కదిలివెళ్తోంది. ఈసారి మెట్రోలో ‘ఎర్రమంజిల్’ అన్న పిలుపు వినిపిస్తే, పిల్లలకు ఆ గుట్టను చూపించి ఈ కథ చెప్పండి. ఊరి చరిత్ర తెలిసినవాళ్లే రేపు దాన్ని నిలబెట్టుకుంటారు.