కింగ్స్ క్రాస్ మీదుగా కోవెంట్ గార్డెన్‌కి

న్యూకాజిల్‌లో రైలెక్కితే మూడు గంటల్లో లండన్ కింగ్స్ క్రాస్. టైన్ నది వంతెన దాటాక ఊరు వెనకబడుతుంది, కాసేపటికి గుట్ట మీద డరమ్ కెథీడ్రల్ కనబడుతుంది, ఇక యార్క్ దాకా చాలావరకు పొలాలే. పాప్ జంట పెట్ షాప్ బాయ్స్ కచేరీకి ఈ దారినే వెళ్ళాలనుకున్నాను. వాళ్ళలో గాయకుడు నీల్ టెనంట్ పుట్టింది ఇక్కడి నార్త్ షీల్డ్స్‌లో, చదువుకున్నది న్యూకాజిల్‌లో. 1987లో వచ్చిన వాళ్ళ ‘యాక్చువల్లీ’ ఆల్బమ్‌లో చివరి పాట పేరే ‘కింగ్స్ క్రాస్’. ఈశాన్య ఇంగ్లండ్‌లో పనుల్లేక లండన్ బాట పట్టినవాళ్ళు దిగే స్టేషన్ అది. పలాసలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగే మన కుర్రాళ్ళకు ఆ పాటను విడమరచి చెప్పనక్కర్లేదు.

స్టేషన్‌లో అక్క ఎదురుచూస్తోంది. విశాఖలో నాకు వీళ్ళ పాటలు పరిచయం చేసింది తనే, ఎక్కడో సంపాదించిన ఒక క్యాసెట్‌తో. నన్ను చూడగానే “ఒరే, ఆ బూట్లేంట్రా? రాత్రంతా ఎగరాలి” అంది. పికడిల్లీ లైన్‌లో మూడో స్టేషన్ కోవెంట్ గార్డెన్. బయటికొస్తే అడుగడుగునా మావాళ్ళే. 1993 నాటి వాళ్ళ పాట వీడియోలోలాగా నారింజరంగు కోసు టోపీలు పెట్టుకున్నవాళ్ళు, జంటలో రెండో మనిషి క్రిస్ లోవ్‌లాగా క్యాప్, నల్లకళ్ళద్దాలు పెట్టుకున్నవాళ్ళు. తమని తాము పెట్‌హెడ్స్ అని పిలుచుకుంటారు. సగం మందికి జుట్టు నెరిసింది. జర్మనీ నుంచి వచ్చిన ఒక జంట ఐదు రాత్రులకూ టికెట్లు కొన్నారట.

2024 జులైలో ఆ ఐదు రాత్రులూ కచేరీ జరిగింది రాయల్ ఒపేరా హౌస్‌లో. ఎర్ర మఖ్మల్ సీట్లు, బంగారు పూత బాల్కనీలు. పాప్ పాటలకు ఇదేం చోటనిపించవచ్చు. నాకైతే నీల్, క్రిస్ మొదటినుంచీ రావాలనుకున్న చోటు ఇదేననిపిస్తుంది. 1981లో చెల్సీలోని ఒక ఎలక్ట్రానిక్స్ దుకాణంలో కలిశారిద్దరూ. 1986 జనవరిలో ‘వెస్ట్ ఎండ్ గర్ల్స్’ బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. అయినా పూర్తిస్థాయి టూర్‌కు 1989 దాకా వెళ్ళలేదు. కచేరీ అంటే వాళ్ళకి రంగస్థలం. అనుకున్న హంగులతో అనుకున్నట్టు చేయాలంటే అంతకుముందు డబ్బు చాలలేదు. రాజీపడి నాలుగు దీపాలు పెట్టి పాడేయలేదు, ఆగారు. చివరికి బయల్దేరినప్పుడు సినీ దర్శకుడు డెరెక్ జార్మన్ రంగస్థల దర్శకత్వం వహించి, వెనక తెరకోసం సినిమాలు తీసిచ్చాడు. 1991 టూర్‌ను ఒపేరా దర్శకుడు డేవిడ్ ఆల్డెన్ నడిపాడు. ఆ ఓపికే వాళ్ళను 2016లో మొదటిసారి ఈ భవనంలోకి తీసుకొచ్చింది. వాళ్ళమీద నాకున్న గౌరవంలో పాటలకెంత వాటా ఉందో, ఆ ఆగడానికీ అంతే ఉంది.

దీపాలారాయి. రెండు వీధిలైట్ల కింద శృతిదండాల ఆకారపు ముసుగులతో ఇద్దరు నిలబడ్డారు. అంతే, మఖ్మల్ సీట్లన్నీ ఖాళీ, జనమంతా నిలబడిపోయారు. నీల్‌కి అప్పటికి డెబ్బై నిండి రెండు వారాలు. గొంతు మాత్రం అదే, సన్నగా, మాట మాటా తేటగా. క్రిస్ కీబోర్డుల వెనక కదలడు, నవ్వడు. ఆ నిశ్చలత్వాన్ని చూడటానికే దేశాలు దాటి వస్తారు కొందరు. వాళ్ళలో నేనూ ఒకణ్ణి. పక్కనే ఒకతను గంతులేస్తుంటే మరొకతను రాయిలా నిలబడగలగడం ఎంత ధైర్యమో ఎదురుగా ఉంటేనే తెలుస్తుంది.

‘ఇట్స్ ఎ సిన్’కి బాల్కనీలు ఊగాయి. ఆఖరి పాట ‘బీయింగ్ బోరింగ్’. న్యూకాజిల్ రోజులనాటి స్నేహితుడు ఎయిడ్స్‌తో పోయాక నీల్ రాసుకున్నది. 1990లో బ్రిటన్ పట్టికలో ఇరవయ్యో స్థానం దాటలేదు. దాన్ని వదిలిపెట్టనిది అభిమానులే. ఆ తరం వాళ్ళలో స్నేహితుల్ని పోగొట్టుకోనివాళ్ళు తక్కువ. నా ముందు వరసలో ఒక పెద్దాయన పాడుతూ పాడుతూ ఆగిపోయాడు. పక్కనున్న పరాయి మనిషి ఆయన భుజం చుట్టూ చెయ్యేసి, ఆయన ఆపినచోట అందుకున్నాడు. అక్క నా మోచెయ్యి వదల్లేదు.

బౌ స్ట్రీట్‌లోకి వచ్చేసరికి ఎవరో ‘గో వెస్ట్’ ఎత్తుకున్నారు, వీధి వీధంతా కలిసింది. “ఒరే, రేపటికి రెండు టికెట్లు దొరుకుతాయేమో చూడు” అంది అక్క, పాట మధ్యలోనే.