ఇంటి భాషను దాచే సంతకం

కాలిఫోర్నియాలో బిడ్డను బడిలో చేర్చబోయే తల్లిదండ్రుల చేతికి 'ఇంటి భాష సర్వే' అనే కాగితం వస్తుంది. బిడ్డకు తొలి మాటలు ఏ భాషలో వచ్చాయి, ఇంట్లో బిడ్డ ఎక్కువగా మాట్లాడేది ఏది, తల్లిదండ్రులు బిడ్డతో మాట్లాడేది ఏది, పెద్దలు తమలో తాము మాట్లాడుకొనేది ఏది అన్న నాలుగు ప్రశ్నలే అందులో ఉంటాయి. పొద్దున్నే "పాలు తాగావా, బూట్లేసుకున్నావా" అన్న కేకలతో మార్మోగే ఇళ్లవారు సైతం ఆ నాలుగింటికీ 'ఇంగ్లీషు' అని రాసి, నదురూ బెదురూ లేకుండా సంతకం పెట్టి రావడం ప్రవాసాంధ్ర సమాజంలో కొత్త కాదు.

మరో భాష పేరు రాస్తే 30 రోజుల్లోగా బిడ్డకు ఇంగ్లీషు పరీక్ష పెడతారనీ, అందులో తప్పితే 'ఇంగ్లీషు లెర్నర్', అనగా ఇంగ్లీషులో అదనపు సహాయం పొందవలసిన విద్యార్థి, అన్న ముద్ర పడుతుందనీ వారి భయం. ఆ సహాయం దయాధర్మంగా వచ్చినది కాదు; శాన్‌ఫ్రాన్సిస్కోలోని చైనా సంతతి విద్యార్థుల పక్షాన నడిచిన 'లావ్ వర్సెస్ నికోల్స్' దావాలో, అర్థంకాని భాషలో పాఠం చెబుతూ అందరికీ అవే పుస్తకాలిచ్చినంత మాత్రాన సమానత్వం కాదని 1974లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. తెలుగులో ఇంగ్లీషు ఆర్టికల్స్ వంటివి లేవని తెలిసిన పంతులమ్మ, వాటిని వదిలేసి రాసే పిల్లవాణ్ణి మొద్దు అనుకోదు. అయితే ఆ ఇంట్లో తెలుగు ఉందని ఆమెకు ఎవరైనా చెప్పాలి గదా!

అంతమాత్రాన అమెరికాను నెత్తికెత్తుకోనక్కరలేదు. ఇదే కాలిఫోర్నియా 1998లో ప్రజల ఓటుతో ద్విభాషా బోధనను చాలావరకు కట్టడి చేసి, 2016లో మళ్లీ ఓటుతోనే ఆ కట్టడిని ఎత్తివేసింది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి (1863–1940) అంతకు ఎన్నో దశాబ్దాల ముందే సవర గిరిజనుల భాషను తాను నేర్చుకొని, వారి పిల్లలకు ఆ భాషలోనే వాచకాలు రాసి, బడులు నడిపారు. అయితే ఈ గర్వం ఎంతోసేపు నిలవదు, ఎందుకంటే 2009లో కడప జిల్లా మైదుకూరులోని ఒక బడి, తెలుగు మాట్లాడిన పిల్లల మెడలో ఇకపై తెలుగు మాట్లాడబోమన్న పలకలు వేలాడదీసింది. తెలుగు మాట నోట వస్తే జరిమానా కట్టిన కాన్వెంటు తరమే నేడు కాలిఫోర్నియాలో ఆ కాగితం నింపుతున్నది. భయం విమానం దిగాక పుట్టినది కాదు, ఊరి నుంచి పెట్టెలో సర్దుకొని తెచ్చుకున్నదే.

విచిత్రమేమంటే, రెండు భాషల్లో ప్రావీణ్యానికి హైస్కూలు డిప్లొమాపై వేసే 'సీల్ ఆఫ్ బైలిటరసీ' ముద్ర కొన్నిచోట్ల తెలుగుకూ దక్కుతుందని తెలియగానే, కిండర్‌గార్టెన్‌లో తెలుగును దాచిన ఆ తల్లిదండ్రులే పన్నెండో తరగతిలో తెలుగు పరీక్ష ఎక్కడ పెడతారని ఊరంతా వాకబు చేస్తారు.