గేర్‌బాక్స్ దింపే ముందు

రాష్ట్రపతి నిలయం ఉన్న బొల్లారం సికింద్రాబాద్ వైపు ఉంది. నేను వెళ్లింది సంగారెడ్డి జిల్లాలోని పారిశ్రామికవాడ బొల్లారానికి. 2018లో పురపాలక సంఘమైన ఈ ఊళ్లో డాక్టర్ రెడ్డీస్, అరబిందో వంటి మందుల కంపెనీల ప్లాంట్లు, వాటి చుట్టూ చిన్నాచితకా యూనిట్లు ఉన్నాయి. షిఫ్టు మారే వేళ రోడ్డంతా స్టాఫ్ బస్సులు, క్యాబులు, ట్రాలీ ఆటోలే. ఇన్ని బళ్లు తిరిగే చోట మెకానిక్ షెడ్లకు కొదవుండదు. మాన్యువల్ గేర్‌బాక్సుల పనిలో పేరున్న ఒక పెద్దాయన షెడ్డులో ఒక పూట గడిపాను. అక్కడ అందరూ ఆయన్ని ఉస్తాద్ అనే పిలుస్తారు.

నేను వెళ్లేసరికి ఒక క్యాబ్ డ్రైవర్ దిగాలుగా నిలబడి ఉన్నాడు.

"రివర్స్ పడ్తలేదు ఉస్తాద్. గేర్‌బాక్స్ పోయింది, దింపాలె అన్నరు ఒక కాడ."

"దింపుడు తర్వాత సంగతి. ముందుగాల ఇంజన్ బంద్ చేసి రివర్స్ ఎయ్యి."

హాయిగా పడింది. స్టార్ట్ చేసి వేస్తే కరకరమంది, పడలేదు. ఉస్తాద్ బానెట్ కూడా ఎత్తకుండానే, "గేర్‌బాక్స్ మంచిగనే ఉన్నది. క్లచ్ పూర్తిగ ఇడుస్తలేదు" అన్నారు.

అంత నమ్మకంగా ఎలా చెప్పగలిగారో బల్ల మీద విప్పి పెట్టిన మరో గేర్‌బాక్స్ చూపిస్తూ వివరించారు. ముందుకు నడిపే గేర్ల పళ్లు ఏటవాలుగా ఉంటాయి. అవి ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలిసే తిరుగుతుంటాయి. మనం గేరు మార్చినప్పుడు సింక్రో రింగులు వేగాలను సమం చేసి జత కలుపుతాయి. 1928లో క్యాడిలాక్ కార్లతో మొదలైన ఏర్పాటు ఇది. చాలా కార్లలో రివర్సుకు మాత్రం ఈ సాయం లేదు. తిరిగే దిశ మారడానికి రెండు గేర్ల మధ్యకు ఐడ్లర్ అనే మూడో గేరు జరిగి దూరాలి. దాని పళ్లు తిన్నగా ఉంటాయి. రివర్సులో వచ్చే ఆ కూత ఈ పళ్లదే. అది దూరాలంటే లోపలి షాఫ్టులు ఆగి ఉండాలి. క్లచ్ కొంచెం పట్టుకుని ఉన్నా ఇన్‌పుట్ షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది. ఫస్ట్ గేరును సింక్రో ఎలాగోలా లాక్కొస్తుంది, రివర్స్ మొరాయిస్తుంది. అంటే క్లచ్ జబ్బు తరచూ ముందుగా రివర్సులోనే బయటపడుతుంది.

తర్వాతి పరీక్ష డ్రైవర్ చేతే చేయించారు. క్లచ్ పెడల్ గబగబా నాలుగైదుసార్లు తొక్కి, ఆఖరుసారి తొక్కిపట్టి రివర్స్ వేయమన్నారు. ఈసారి పడింది. తొక్కుతూ పోతే ఒత్తిడి పెరిగిందంటే ప్లేటులో కాదు, క్లచ్ ఆయిల్ లైనులో లోపముందన్నమాట. బానెట్ ఎత్తి చూస్తే డబ్బాలో ఆయిల్ తగ్గింది, క్లచ్‌ను తోసే స్లేవ్ సిలిండర్ రబ్బరు తడిగా ఉంది. కొన్ని కార్లలో ఆ సిలిండర్ గేర్‌బాక్స్ లోపలే ఉంటుంది, అప్పుడు దింపక తప్పదు. ఇందులో బయటే ఉంది. కొత్తది బిగించాక కుర్రవాడొకడు పెడల్ తొక్కిపట్టాడు, ఉస్తాద్ సిలిండర్ మీది గాలి తీసే నిపుల్ వదులు చేశారు. పైపులో బుడగలు ఆగేదాకా అలా గాలి తీశారు. రివర్స్ మెత్తగా పడింది. డ్రైవర్ ముఖంలో అప్పటిదాకా ఉన్న బెంగ తీరింది.

ఆ వెనకే వచ్చిన కారులో ఇంజన్ ఆపినా రివర్స్ పడలేదు. ఇక్కడ దారి మారింది. ఒకరు లోపల లివర్ కదుపుతుంటే ఉస్తాద్ గేర్‌బాక్స్ పైన కేబుల్ చివర చూశారు. లివర్ పూర్తిగా జరుగుతోంది, కేబుల్ పట్టిన చేయి సగమే కదులుతోంది. కేబుల్ ఊడదీసి ఆ చేతిని తోస్తే రివర్స్ పడింది. లోపం బయటే, అరిగిన ప్లాస్టిక్ బుష్‌లో. చేత్తో తోసినా పడకపోతేనే లోపల గేరును జరిపే ఫోర్క్ వంగిందా, ఐడ్లర్ దెబ్బతిందా అని చూడాలి. లివర్ కింది రింగు ఎత్తితేనే రివర్స్ పడే కార్లలో ముందు ఆ రింగు కేబుల్ చూస్తారట.

బల్ల మీదున్న గేర్‌బాక్స్ నిజంగానే దింపాల్సి వచ్చినది. ఐడ్లర్ పళ్ల అంచులు గుండ్రంగా అరిగాయి, ఒకటి విరిగింది. డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతానికి ఇనుప రజను అంటుకుని ఉంది. బండి ఇంకా ముందుకు దొర్లుతుండగానే రివర్సులోకి లాగితే ఈ గతే పడుతుంది. ఆయిల్ సంగతీ చెప్పారు. కంపెనీ పుస్తకంలో జీఎల్-4 అని ఉంటే అదే పోయాలి. చాలా జీఎల్-5 ఆయిళ్లలోని గంధకపు రసాయనాలు ఇత్తడి సింక్రో రింగులను తినేస్తాయి.

బండి తీసుకెళ్తున్న డ్రైవర్‌కు ఆయన చెప్పిన మాటలు మనందరికీ పనికొచ్చేవే. బండి పూర్తిగా ఆగాలి. క్లచ్ అడుగంటా తొక్కి రెండు మూడు సెకన్లు ఆగాలి. ఒకసారి ఫస్ట్ వేసి రివర్స్ వేస్తే షాఫ్టు ఆగి పళ్లు కలుస్తాయి. పన్నుకు పన్ను తగిలి నిలిచిపోతే న్యూట్రల్‌లో క్లచ్ వదిలి మళ్లీ తొక్కాలి. బలవంతం చేయకూడదు.

కిస్తీ కట్టుకుంటూ క్యాబ్ నడిపేవాడికి గేర్‌బాక్స్ దింపడమంటే మరమ్మతు ఖర్చు ఒక్కటే కాదు, బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ కూలి పోయినట్టే. అందుకే ఉస్తాద్ పాటించే వరుస, అంటే డబ్బు ఖర్చు కాని పరీక్షలు ముందు, బయటి భాగాలు తర్వాత, లోపలివి ఆఖరున అన్న పద్ధతి, నాకు పనితనంతో పాటు న్యాయంగా కూడా తోచింది. మెకానిక్ మోటార్ వెహికల్ కోర్సు రెండేళ్లు చదివే ఐటీఐ పిల్లలకు విప్పడం, బిగించడం ఎంత శ్రద్ధగా నేర్పుతామో ఈ వరుసనూ అంత శ్రద్ధగా నేర్పాలి. బండి యజమానులూ దీన్ని తెలుసుకోవాలి. గేర్‌బాక్స్ దింపాలని ఎవరైనా అంటే, ఒప్పుకునే ముందు మూడు ప్రశ్నలు అడగండి: ఇంజన్ ఆపితే రివర్స్ పడుతోందా? క్లచ్ పదేపదే తొక్కితే పడుతోందా? కేబుల్ తీసి చేత్తో తోస్తే పడుతోందా? మూడింటికీ కాదనే జవాబు వస్తే, లేదా పాడైన సిలిండర్ గేర్‌బాక్స్ లోపలే ఉంటే, అప్పుడు దింపమనండి.