నాయన తుపాకీ, పేలని తూటా

అడవిపందుల గురించి ఎప్పుడు రాసినా ఎవరో ఒకరు "మీ ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉందిగా అన్నా, ఒక్కటి పేలిస్తే పోతాయి" అంటున్నారు. ఆ తుపాకీ సంగతి ఇవాళ వివరంగా రాస్తున్నా. ఇంట్లో పాతది ఉన్నవాళ్లు చివరిదాకా చదవండి.

అది 12 బోర్ ఒంటి గొట్టం. మధ్యలో మడిచి తూటా పెట్టే రకం. గొట్టం మీద బర్మింగ్‌హామ్ ముద్రలు ఉన్నాయి. నాయన పంట కాపలాకని తీసుకున్నాడు. ఆయన పోయాక లైసెన్సు నా పేరు మీదకి మారింది. మన్నేరు పక్క సర్కారు తుమ్మల్లోంచి పందులు శనగ చేలోకి దిగితే, మనిషి లేని దిక్కు చూసి ఒకటి పేల్చేవాళ్లం. ఆ శబ్దానికే పోయేవి. పందిని కొట్టడానికి లేదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేకుండా చంపితే కేసే.

రెండేళ్లుగా అది మొరాయిస్తోంది. మూడుసార్లు నొక్కితే ఒకసారి పేలుద్ది. మిగతా రెండుసార్లు "టక్" అంటుంది, అంతే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పేలలేదని వెంటనే మడిచి చూడకండి. క్యాప్ లోపల అంటుకుని, మందు ఆలస్యంగా కాలొచ్చు. గొట్టాన్ని అదే దిక్కుకి పెట్టి కనీసం అర నిమిషం కదలకుండా ఉండాలి. ఆ తర్వాతే తూటా తీయాలి. తీసినదాన్ని మళ్లీ పెట్టి కొట్టకూడదు.

ఇంజన్ స్టార్ట్ కాకపోతే డీజిల్‌దా, నాజిల్‌దా అని చూస్తాం కదా. ఇదీ అంతే. తూటా వెనక క్యాప్ మీద పిన్ను కొట్టిన గుంట చూడాలి. గుంట లోతుగా పడ్డా పేలలేదంటే అనుమానం తూటా మీద. మనది సముద్రపు గాలి, చెమ్మకి తూటాలు పాడవుతాయి. గుంట పైపైన ఉంటే తప్పు తుపాకీది. (.22 లాంటి చిన్న తూటాలకి మందు అంచులో ఉంటుంది, గుంట అంచు మీద చూడాలి.) మావాటికి గుంట పైపైనే ఉంది.

లైసెన్సు ఉన్న రిపేరు షాపుకి తీసుకెళ్లా. ఆయన విప్పి చూపించాడు. నాయన ఏళ్ల తరబడి పూసిన కొబ్బరినూనె పిన్ను చుట్టూ జిగురులా గడ్డకట్టింది. స్ప్రింగు కూడా నీరసించింది. ఈ రెండూ బాగు చేయొచ్చట. కానీ గొట్టం మడత దగ్గర కదులుతోంది. మూసి దీపానికి అడ్డం పెడితే సందులోంచి వెలుతురు కనపడింది. పైగా తూటా కూర్చునే గది పాత 65 మిల్లీమీటర్ల కొలతది. ఇప్పుడొచ్చే తూటాలు ఎక్కువ 70. లోపల పడతాయి గానీ పేలినప్పుడు ఒత్తిడి పెరుగుద్ది. "పేలకపోవడం కాదు బాబాయ్, పేలడమే నీకు ప్రమాదం" అన్నాడు.

స్ప్రింగు మార్చమనలేదు. నాయన చెయ్యి పడిన వస్తువు, బాధగానే ఉంది. కానీ ఆయన గుర్తు కోసం నా కన్ను పోగొట్టుకోలేను. ఇంట్లో మనవడు కూడా తిరుగుతున్నాడు. స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకున్నా.

ఇప్పుడు కాపలా అంటే టపాకాయలు, డబ్బా చప్పుడు, రాత్రి మేలుకోవడమే. నిద్ర లేదు, నిజమే. తుపాకీ లేదని చేను చుట్టూ కరెంటు తీగ మాత్రం కట్టకండి. దానికి పందీ మనిషీ తేడా తెలియదు. నీళ్లు కట్టడానికి చీకట్లో వచ్చేది మనవాళ్లే.

మీ అటకల మీద పాతవి ఉంటే దుమ్ము దులిపి పేల్చి చూడకండి. ముందు తెలిసినవాడికి చూపించండి.