కుడికాలి గేరు

మోటారు సైకిలుకు గేరు ఎడమ పాదం కింద, వెనుక బ్రేకు కుడి పాదం కింద ఉంటాయన్నది నేటి యువతరానికి సూర్యుడు తూర్పున ఉదయిస్తాడన్నంత సహజమైన విషయం. పాత బుల్లెట్ నడిపిన వారికి మాత్రం ఈ సత్యం తలకిందులుగా తెలుసు. దానికి గేరు కుడివైపు, బ్రేకు ఎడమవైపు. అంతేగాక మొదటి గేరుకు పెడలును కాలివేళ్లతో పైకెత్తాలి; రెండు, మూడు, నాలుగు గేర్లకు కిందికి నొక్కాలి. ఇప్పటి బుల్లెట్‌తో సహా అనేక బండ్లలో మొదటి గేరు కిందికి, మిగిలినవి పైకి.

మా నాన్నగారి 1968 నాటి బుల్లెట్ ఈ పాత పద్ధతిదే. గురుగ్రామ్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి తాతగారి బండిని తానూ నడపాలని ముచ్చటపడ్డాడు. "నాన్నగారూ, గేరు క్రమాన్ని తిరగేయిస్తే నాకు సులువవుతుంది. ఒక్క లింకు మారిస్తే చాలట" అన్నాడు. వాళ్ల అమ్మ మాత్రం ఒకటే మాట చెప్పింది: "బండి మారుస్తారో, వాడి అలవాటు మారుస్తారో మీ ఇష్టం. వాడి కాలు తడబడదని మీరు చెప్పేదాకా తాళంచెవి నా దగ్గరే ఉంటుంది." ఇంజనీరునైన నాకు ఇంతకంటె స్పష్టమైన భద్రతా నిబంధన ఏ నివేదికలోనూ కనిపించలేదు!

ఈ గేరుపెట్టె పుట్టుక బ్రిటన్‌లో. బర్మింగ్‌హామ్ నగరపు ఆల్బియన్ సంస్థ రూపొందించిన నాలుగు గేర్ల పెట్టె అది. 1955లో మద్రాసు మోటార్స్ వారి భాగస్వామ్యంతో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. మద్రాసు సమీపాన తిరువొత్తియూరు కర్మాగారంలో బుల్లెట్ తయారీ సాగింది. ఇంగ్లండులో మాతృసంస్థ మూతపడిన తరువాత కూడా ఇక్కడ కుడికాలి గేరు దశాబ్దాలపాటు కొనసాగింది. గేరు పెడలు వెనుక మడమకు అందేలా మరొక చిన్న పెడలు ఉంటుంది. రెండు, మూడు, నాలుగు గేర్లలో దేనినుంచైనా క్లచ్ పట్టి దానిని నొక్కితే బండి నేరుగా న్యూట్రల్‌కు వస్తుంది. నగరపు కూడళ్ల దగ్గర ఆ సౌకర్యం విలువ అనుభవించిన వారికే తెలుసు.

గేరు క్రమాన్ని తిరగేయడం నిజానికి పెద్ద విద్య కాదు. పెట్టె లోపలి పళ్లచక్రాలను ముట్టుకోనక్కరలేదు. పెడలును ఒకసారి కదిపితే లోపలి రాచెట్ ఒక మెట్టు జరుగుతుంది. స్ప్రింగు పెడలును తిరిగి యథాస్థానానికి తెస్తుంది. కాబట్టి ఇరుసు తిరిగే దిశను బయటే మార్చితే క్రమం తలకిందులవుతుంది. ఇందుకు రెండు మార్గాలు ఉన్నాయి. పందెపు బండ్లవారు కాలు పెట్టుకునే ఫుట్‌రెస్టును వెనక్కి జరిపి, గేరు పెడలును వెనుకవైపుకు తిప్పి బిగిస్తారు. ముందున్న పెడలును నొక్కినప్పుడు ఒక దిశలో తిరిగే ఇరుసు, వెనుకవైపున్న పెడలును నొక్కినప్పుడు వ్యతిరేక దిశలో తిరుగుతుంది. రెండవ మార్గం లింకు కడ్డీ. పెడలుకు ఒకటి, గేరు ఇరుసుకు ఒకటి చిన్న చేతులు అమర్చి, వాటిని కడ్డీతో కలుపుతారు. రెండు చేతులూ పైకే ఉంటే దిశ మారదు. ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటే దిశ మారుతుంది.

కరోల్ బాగ్‌లో పాత బుల్లెట్లు బాగుచేసే ఒక వృద్ధ మెకానిక్‌ను ఈ విషయమై అడిగాను. "మధ్యాహ్నానికల్లా చేసిస్తాను సాబ్. కాని రేపు ఇంకో మెకానిక్ ఈ బండిని ట్రయల్‌కు తీసుకెళ్తే అతనికెవరు చెబుతారు?" అన్నాడు. ఆ ప్రశ్న విన్నాక ఇంటికి వచ్చి కాగితం మీద లెక్క వేసి చూశాను.

ఎడమకాలి గేరుకు అలవాటుపడిన వ్యక్తి బుల్లెట్‌పై ఉన్నాడనుకుందాం. హఠాత్తుగా ఎదురుగా ఆవు వచ్చింది. మెదడు ఆలోచించేలోగానే బ్రేకు కోసం అతని కుడికాలు బలంగా కిందికి దిగుతుంది. అక్కడున్నది బ్రేకు కాదు, గేరు. పాత క్రమంలో కిందికి నొక్కితే పై గేరు పడుతుంది. నాలుగవ గేరులో ఉంటే ఏమీ జరగదు. బండి ఆగదు గాని, అదుపు కూడా తప్పదు. క్రమాన్ని తిరగేసిన బండిలో అదే తొక్కుడుకు కింది గేరు పడుతుంది. క్లచ్ పట్టకుండా, వేగం తగ్గకుండా కింది గేరు పడితే వెనుక చక్రం ఒక్కసారిగా బిగిసి జారవచ్చు. తడిరోడ్డు మీద ఆ జారుడు ప్రాణాంతకం. ఇక ఎడమకాలి సంగతి. గేరు తగ్గిద్దామని అలవాటుగా ఎడమకాలితో నొక్కితే బుల్లెట్‌లో బ్రేకు పడుతుంది. ఎలాగూ వేగం తగ్గించాలనే కదా అతని ఉద్దేశం! అంటే పాత అమరికలో పొరపాటు కొంతవరకు క్షమించబడుతుంది. మా అబ్బాయి కోరిన సగం మార్పులో అసలు గండమైన బ్రేకు ఎడమనే ఉండిపోతుంది, పైగా పొరపాటుకు శిక్ష పెరుగుతుంది.

పూర్తి మార్పు కూడా సాధ్యమే. గేరును అడ్డుకడ్డీ ద్వారా ఎడమకు, బ్రేకు పెడలును కుడికి తేవాలి. అమెరికా ప్రభుత్వం 1974 సెప్టెంబరు నుంచి అమలులోకి తెచ్చిన భద్రతా ప్రమాణం గేరు ఎడమకాలికి, వెనుక బ్రేకు కుడికాలికి ఉండాలని నిర్దేశించింది. ఆ విపణిని వదులుకోలేని బ్రిటిష్ సంస్థలు తమ పాత యంత్రాలను ఇలాగే మార్చుకున్నాయి. 1975 నాటి నార్టన్ కమాండో మార్క్ 3లో గేరు ఎడమకు వచ్చింది.

అయితే మా బండికి మరొక చిక్కు ఉంది. పదిహేనేళ్లు దాటిన పెట్రోలు వాహనాలపై 2014లో జాతీయ హరిత ట్రైబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు ఢిల్లీవాసులకు విదితమే. యాభై ఏళ్లు దాటిన వాహనాలకు వింటేజ్ నమోదు కల్పిస్తూ 2021 జులైలో కేంద్రం నిబంధనలు ప్రకటించింది. ఆ నమోదుకు వాహనం మూలరూపంలో ఉండాలి. ఛాసిస్‌లోనూ ఇంజనులోనూ గణనీయమైన మార్పులు ఉండరాదు. దానిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, ఇంధనానికి, మరమ్మతుకు తీసుకెళ్లవచ్చు గాని రోజువారీ ప్రయాణాలకు కాదు. అరుదుగా రోడ్డెక్కే బండి కోసం బ్రాకెట్లు కోసి, కడ్డీలు అతికి, నాన్నగారి యంత్రాన్ని మరొక యంత్రంగా మార్చడం నాకు సమంజసమనిపించలేదు.

ఈ సందర్భంలో రెండవ ప్రపంచ యుద్ధకాలపు ఒక ఉదంతం గుర్తుకు వచ్చింది. బి-17 విమానాలను క్షేమంగా దించిన పైలట్లు, నేలపై ఫ్లాపులు ముడవబోయి చక్రాలను ముడిచేస్తుండేవారు. ఆల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరిశీలించగా రెండు మీటలూ పక్కపక్కనే, ఒకే విధంగా ఉన్నాయని తేలింది. ఆయన చక్రాల మీటకు చక్రం ఆకారపు పిడిని, ఫ్లాపుల మీటకు రెక్క ఆకారపు పిడిని అమర్చారు. పైలట్లను నిందించకుండా, వారి చేతికి తేడా తెలిసే ఏర్పాటు చేశారు.

నేను కూడా ఆ దారినే ఆలోచించాను. పాదాల దగ్గర రెండు బండ్లకు వైరం ఉన్నా చేతుల దగ్గర లేదు. రెండింటిలోనూ క్లచ్ ఎడమచేతికి, ముందు బ్రేకు కుడిచేతికి. అందుచేత అత్యవసరంలో ముందుగా పనిచేయవలసినవి చేతులు. బుల్లెట్ ముందు డ్రమ్ బ్రేకుకు కొత్త లైనింగు వేయించి, కేబులు మార్పించాను. తరువాత ఆరు ఆదివారాలు, తెల్లవారుజామున మా కాలనీ ఆవరణలోని ఖాళీ దారిలో అబ్బాయికి శిక్షణ. నేను చప్పట్లు కొట్టగానే రెండు చేతులూ బిగించాలి, ఆ వెంటనే ఎడమకాలు నొక్కాలి. మొదటి వారం పదింటిలో ఏడుసార్లు కుడికాలే దిగింది. ఆరవ వారం పదికి పదిసార్లూ చేతులు ముందు కదిలాయి, కుడికాలు కదలనేలేదు. అరుగు మీద కూర్చుని లెక్కపెడుతున్న మా శ్రీమతి మరో పదిసార్లు చేయించి, అప్పుడు గాని తాళంచెవి ఇవ్వలేదు.

మన ప్లాంట్లలో కూడా వాల్వు తిరిగే దిశను, స్విచ్చు స్థానాన్ని మార్చే ప్రతిపాదనలు తరచుగా వస్తుంటాయి. డ్రాయింగులో అవి చిన్న మార్పులు. అలారం మోగిన అర్ధరాత్రి షిఫ్టులోని ఆపరేటరు చేయి అలవాటుగా ఎటు పోతుంది, అలా పోతే ఏమవుతుంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు రాసిన తరువాతనే అటువంటి కాగితాలపై సంతకం చేయడం మంచిది.