నుదుటి మీద కాస్త నీడ

తెలుగులో ‘ముంగురులు’ అని ఒక అందమైన మాట ఉంది. ముందుకు పడే కురులు. ప్రబంధాలు తిరగేసినవాళ్ళకి ఇవి పాత చుట్టాలే. నాయిక నుదురు అష్టమి నాటి చంద్రుడైతే, దాని మీద వాలిన తుమ్మెదలు ముంగురులు. సంస్కృతంలో వీటిని అలకలు అంటారు. చూర్ణకుంతలాలు అని ఇంకాస్త బరువైన పేరు కూడా ఉంది. మన ఇళ్ళల్లో పిల్లలు పూనే అలకకీ ఈ అలకలకీ చుట్టరికం ఏమీ లేదు గానీ, రెండూ చెప్పిన చోట కుదురుగా ఉండవు కాబట్టి నాకీ పోలిక ఇష్టం.

పాత పద్యాల్లో ముంగురుల్ని ఎవరూ కత్తిరించరు. అవి జడలో ఇమడక, పాపిట దగ్గర ఆగక, గాలికో చెమటకో వాటంతటవే జారతాయి. ఆడవాళ్ళకే అని కూడా ఏం లేదు. మధ్యమావతి రాగంలో త్యాగరాజ కీర్తన ఒకటుంది. మారీచుడి పని పట్టే వేళ రాముడి ముంగురులు కదులుతుంటే చూసిన ముని ఎంత పొంగిపోయాడో అని త్యాగయ్య ఊహించుకుంటాడు. అంత పెద్ద పనిలో ఉన్న కుర్రాడిలో ఆయన కంటికి ఆనింది నుదుటి మీద నాలుగు వెంట్రుకల కదలిక!

ఆ కదలికనే ఇప్పుడు మనం డబ్బులిచ్చి చేయించుకుంటున్నాం. సెలూన్ వాళ్ళ పట్టికలో దానికి బోలెడు పేర్లు. కర్టెన్ బ్యాంగ్స్, విస్పీ బ్యాంగ్స్, కొరియన్ సీ-త్రూ బ్యాంగ్స్. బ్యాంగ్స్ అనేది అమెరికా వాళ్ళ మాట, ఇంగ్లండు వాళ్ళు ఫ్రింజ్ అంటారు. గుర్రం తోకని అడ్డంగా, ఒకే గీతలో కత్తిరిస్తే దాన్ని బ్యాంగ్‌టెయిల్ అంటారు, ఈ పేరు అక్కణ్ణించి వచ్చిందనే చెప్తారు. గుర్రం తోకలాంటి దట్టమైన బ్యాంగ్స్ గురించి కాదు నేను రాస్తున్నది. పల్చగా, వెనకాల నుదురు కనిపిస్తూ, ఫ్యాను వేస్తే కదిలే రకం గురించి. వాటికి ముంగురులు అన్న పేరే సరిపోతుంది.

నాది పెద్ద నుదురు. స్కూల్లో ‘క్రికెట్ గ్రౌండ్’ అనేవాళ్ళు. మా అమ్మమ్మ మాత్రం, “బ్రహ్మదేవుడికి రాసుకోడానికి చోటు సరిపోయింది, ఇంకేం కావాలి?” అనేది. ఆ మాటలో ఉన్న సంగతి నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ తట్టలేదు. మన దగ్గర నుదురు అంటే ఉత్త శరీరభాగం కాదు. రాత ఉండేది అక్కడ, బొట్టు పెట్టేది అక్కడ, పెళ్ళిలో బాసికం కట్టేది అక్కడ. నామమో విభూతో చూసి ఫలానావాళ్ళని పోల్చుకునేదీ అక్కడే. పెళ్ళైందా, లేదా, భర్త ఉన్నాడా, లేడా, అన్నీ అక్కడే చదివేస్తారు. ఇంతమంది చదివే చోటు మీద మనకి నచ్చినట్టు నాలుగు వెంట్రుకలు వేసుకోవడం అంత చిన్న విషయమేం కాదు.

మన దేశంలో ఈ పనిని జనంలోకి తెచ్చింది నటి సాధన. 1960లో వచ్చిన ‘లవ్ ఇన్ సిమ్లా’ కోసం దర్శకుడు ఆర్.కె. నయ్యర్ ఆమె వెడల్పాటి నుదుటికి ఒక ఉపాయం ఆలోచించాడు. ఆడ్రీ హెప్‌బర్న్‌లా ముందు జుట్టు కత్తిరించి నుదుటి మీదికి వదలడం. హెప్‌బర్న్ 1953 నాటి ‘రోమన్ హాలిడే’లో రాకుమారి. తన దేశపు రాయబార కార్యాలయం నుంచి తప్పించుకుని బయటికొచ్చిన ఆ పిల్ల రోమ్‌లో ఒక మంగలి దగ్గర కూర్చుని జుట్టు కత్తిరించేయమంటుంది. రోమ్‌లో స్వేచ్ఛకి గుర్తుగా పడిన కత్తెర, బొంబాయి చేరేసరికి నుదురు కప్పే ఉపాయం అయింది. అయినా దాన్ని మన అమ్మాయిలు స్వేచ్ఛ కిందే తీసుకున్నారు. ‘సాధనా కట్’ అన్న పేరు ఆ నటి సినిమాలు చూడనివాళ్ళకి కూడా తెలుసు.

మా ఇంట్లో దానికి ఒక సాక్ష్యం ఉంది. పెద్దమ్మ కాలేజీ రోజుల్లో స్టూడియోలో తీయించుకున్న నలుపు తెలుపు ఫొటో. రెండు జడలు, ముందు సాధనా కట్. ఆ ఫొటోకి ముందు తాతయ్య రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదట. ఆ తర్వాత మిగతా ఆడపిల్లల జుట్టు జోలికి కత్తెర రాలేదు. అందులో చిన్నది మా అమ్మ.

నాకు హైదరాబాదులో జుట్టు కత్తిరించింది మిజోరం నుంచి వచ్చిన ఒక అమ్మాయి. ఫోన్లో నేను చూపించిన ఫొటోని ఒక్క క్షణం చూసి పక్కన పెట్టేసింది. హిందీలో వరసగా అడిగింది. స్కూటీ నడుపుతారా, హెల్మెట్ ఎంతసేపు? తలకి నూనె ఎన్నాళ్ళకోసారి? పొద్దున్నే జుట్టుకి ఎన్ని నిమిషాలు ఇవ్వగలరు? నేను నిజం చెప్పాను. ఐదు నిమిషాలు. “అయితే పల్చగానే కట్ చేస్తాను” అంది.

ముఖం ఆకారం గురించి ఆమె లెక్క తేలిగ్గా ఉంది. గుండ్రటి ముఖమైతే మధ్యలో నుదురు కాస్త కనిపించేలా వదిలి, పక్కలు చెంప ఎముక దాకా పొడుగ్గా దించాలి. అప్పుడు చూపు అడ్డంగా కాక నిలువుగా జారుతుంది. కోల ముఖమైతే కనుబొమల దాకా పరుచుకునేలా ఉంచాలి, ముఖం కాస్త పొట్టిగా కనిపిస్తుంది. దవడ పలకగా ఉంటే చివరలు తిన్నగా కాకుండా వంపు తిరగాలి. “కానీ వీటన్నిటికంటే ముందు ఇది చూడాలి” అని నా నుదుటి అంచున ఎడమ వైపు వేలు పెట్టింది. అక్కడ నాకు సుడి ఉంది. జుట్టు మొలవడమే పక్కకి తిరిగి మొలుస్తుంది. సుడి ఉన్నచోట జుట్టు మరీ పొట్టిగా కత్తిరిస్తే అది లేచి నిలబడుతుంది, ఫొటోలో మోడల్‌కి ఎంత బాగున్నా సరే. కాస్త పొడుగుంటే దాని బరువే దాన్ని కిందికి లాగుతుంది.

తర్వాత కొలత. పాపిట మీద నుదుటి అంచు నుంచి వెనక్కి రెండు వేళ్ళ వెడల్పు కొలిచి, అక్కణ్ణించి రెండు కనుబొమల చివరల వైపు రెండు గీతలు తీసింది. ఆ ముక్కోణంలో ఉన్న జుట్టు మాత్రమే ముందుకి, మిగతాదంతా వెనక్కి క్లిప్పు. ముక్కోణం ఎంత లోతుకి పోతే అంత దట్టం, ఎంత ముందుకి ఉంటే అంత పల్చన. గీతలు కనుబొమల చివరలు దాటితే పక్క జుట్టు కూడా పోయి ముఖం వెడల్పుగా కనిపిస్తుంది. పొడి జుట్టు మీదే కత్తిరించింది. తడి జుట్టు సాగి ఉంటుంది, ఆరాక పైకి లాక్కుంటుంది, ఉంగరాల జుట్టయితే మరీను. ముక్కు దాకా కత్తిరించి ఆగింది. అద్దంలో చూసింది. కత్తెర అడ్డంగా కాకుండా నిలువుగా పట్టుకుని చివరల్లోకి చిన్న చిన్న గాట్లు పెట్టుకుంటూ కనుబొమల దాకా వచ్చింది. అడ్డంగా పడితే గీత వస్తుంది, గుర్రం తోకలాగా. నిలువుగా పడితే ఒక్కో వెంట్రుక ఒక్కో పొడుగులో ఉండి, వాటి సందుల్లోంచి నుదురు కనిపిస్తుంది.

ఇక రోజువారీ సంగతి. సియోల్ చలికాలంలో బాగుండే ముంగురులు హైదరాబాద్ మే నెలలో మధ్యాహ్నానికి నుదుటికి అతుక్కుపోతాయి. దానికి నేను నేర్చుకున్నవి ఇవి. తలస్నానం రోజూ అక్కర్లేదు. మిగతా జుట్టు ముడేసి, ముందున్న ఆ గుప్పెడు మాత్రం వాష్‌బేసిన్ దగ్గర కాస్త షాంపూతో కడిగితే రెండు నిమిషాల పని. తడిగా ఉండగానే, వాటంతటవి ఆరేలోపు డ్రయ్యర్ పెట్టాలి. గాలి పై నుంచి కిందికి వస్తుంటే దువ్వెనతో మొత్తం ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి. ఇలా నాలుగైదుసార్లు చేస్తే సుడి లొంగుతుంది. తర్వాత పెద్ద వెల్క్రో రోలర్ ఒకటి చుట్టి, టిఫిన్ తినేలోపు తీసేస్తే మెత్తటి వంపు వస్తుంది. స్ట్రెయిట్‌నర్ పెడితే పుల్లల్లా నిలబడతాయి. తలకి నూనె పెట్టేటప్పుడు ముందు జుట్టుని వదిలేయాలి. నూనె, చెమట కలిసి నుదుటి మీద మొటిమలు తెస్తాయి. మధ్యాహ్నం జిడ్డుగా అనిపిస్తే డ్రై షాంపూ, అది లేకపోతే వేలి చివర కాస్త టాల్కం పౌడర్. జుట్టు నెలకి సెంటీమీటరు పైచిలుకు పెరుగుతుంది కాబట్టి మూడు నాలుగు వారాలకోసారి కత్తెర తప్పదు.

ఇదంతా ముఖానికి సొగసు కోసమే కదా అనుకుంటూ ఆ నెల తెనాలి వెళ్ళాను.

నాన్న పోయి మూడేళ్ళు. అమ్మకి బొట్టు పెట్టొద్దని మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు. పెట్టుకోమని నేనే చాలాసార్లు అన్నాను. ఇప్పుడు చాలామంది పెట్టుకుంటున్నారు కూడా. అమ్మ కాదనదు, అవుననదు. ఆ రోజు నన్ను గుమ్మంలో చూసి, బ్యాగు కూడా అందుకోకుండా నా నుదుటి మీది జుట్టుని వేలితో పక్కకి నెట్టింది. వేలు తీయగానే అవి మళ్ళీ వచ్చి పడ్డాయి.

“బాగుందే. మూసినట్టూ లేదు, తెరిచినట్టూ లేదు” అంది.

రాత్రి వంటిల్లు సర్దుతూ, “నచ్చకపోతే మళ్ళీ పెరగడానికి ఎన్నాళ్ళు పడుతుంది?” అని అడిగింది. ఎవరికని నేను అడగలేదు. అప్పుడు గమనించాను. అమ్మ బయటికి వెళ్ళే ముందు అద్దం దగ్గర పాపిట అంచున రెండు వెంట్రుకలు లాగి నుదుటి మీదికి వేసుకుంటుంది. కూరల బండి దగ్గరికి కూడా. ఎన్నాళ్ళ నించో మరి.

“అమ్మా, దానికంటే బొట్టు పెట్టుకోవచ్చు కదా” అన్నాను.

అమ్మ గిన్నె తుడవడం ఆపలేదు. “పెట్టుకోవాలని లేదే. మీ నాన్న ఉన్నప్పుడు పెట్టుకున్నాను, అది అయిపోయింది. కానీ ఎవరొచ్చినా ముందు ఇక్కడ చూసి, తర్వాత నా కళ్ళల్లోకి చూస్తున్నారు. అది నాకు బాగోలేదు.”

బొట్టు పెట్టుకోవడం, మానేయడం, ఈ రెండే దారులని నేను మూడేళ్ళుగా అమ్మతో వాదిస్తూ వచ్చాను. తనకి కావాల్సింది వాదనలో గెలుపు కాదు. ఎదుటివాళ్ళ చూపు ఒక్క క్షణం ఇంకో చోట ఆగడం. అంతే.

మర్నాడు పెరట్లో కుర్చీ వేసి, మెడ చుట్టూ పాత తువ్వాలు కప్పి కూర్చోబెట్టాను. అమ్మ జుట్టు ఇప్పుడు పల్చబడింది, ముందువైపు తెల్లవెంట్రుకలు కాస్త బిరుసుగా వంకర తిరుగుతున్నాయి. అందుకని రెండు వేళ్ళు కాదు, ఒక వేలు వెడల్పే తీశాను, వెనక జుట్టు ఇంకా తగ్గిపోకుండా. పొడి జుట్టు మీదే, నిలువు కత్తెరతో. బిరుసు వెంట్రుకలు పైకి లేవకుండా కనుబొమలు దాటి పొడుగ్గానే ఉంచాను. పక్కలు చెంప దాకా, కావాలంటే పిన్ను పెట్టుకునేలా. మొత్తం పావుగంట. తువ్వాలు మీద పడిన వెంట్రుకల్ని అమ్మ దులపకుండా కాసేపు చూసింది. “మా నాన్న చూస్తే రెండు రోజులు మాట్లాడడు” అని నవ్వింది.

తర్వాతి వారం గుంటూరులో పిన్నీవాళ్ళ గృహప్రవేశం. నేను హైదరాబాదు వచ్చేశాను, అమ్మ ఒక్కతే వెళ్ళింది. ఆ రాత్రి ఫోన్ చేసింది. కుంకుమ భరిణ ఎప్పటిలాగే తన ముందు నించే పక్కావిడ దగ్గరికి వెళ్ళిందట. ముంగురులతో అది మారుతుందని అమ్మా అనుకోలేదు, నేనూ అనుకోలేదు. ఒక అత్తయ్య “ఈ వయసులో ఏంటి వదినా ఇది” అందట. పిన్ని మాత్రం పక్కన కూర్చుని, ముట్టుకుని చూసి, “ఎవరు చేశారక్కా, నాకూ చెప్పు” అందట.

“అయ్యో అని మాత్రం ఎవరూ అనలేదే ఈసారి. సగం మంది జుట్టు గురించే అడిగారు” అంది అమ్మ. గొంతులో అలసట ఉంది, దాంతో పాటు కాస్త గర్వం కూడా.

నిన్న మళ్ళీ ఫోన్. కళ్ళల్లో పడుతున్నాయట, నేను వచ్చేదాకా ఆగదట, వీధి చివర పార్లర్‌లో కొత్తగా చేరిన అమ్మాయితో చేయించుకుంటుందట. “ఆ ముక్కోణం ఎంత తీయమనాలో ఇంకోసారి చెప్పు, రాసుకుంటాను” అంది.

చెప్పాను. ఒక వేలు వెడల్పు. కనుబొమల చివరలు దాటకూడదు. జుట్టు తడపనివ్వకు. కత్తెర నిలువుగా.